పదకొండవ పాఠం

మన పత్రికలో విద్యను గురించిన వ్యాసాలు తరచుగానే వస్తున్నాయి. బోధనామాధ్యమం మీద, ప్రయివేటు కాలేజీల మీద, కొత్త విద్యావిధానం మీద మిత్రులు చాలా రాశారు. నేను రాయబోయేది అంత విశాలమైన విషయం కాదు. ఒక బి.ఎడ్. కాలేజీలో రికార్డు చేసి పెట్టిన పాఠాలను ఏ విద్యార్థి చూడవచ్చు, ఏ విద్యార్థి చూడరాదు అనే చిన్న ప్రశ్న. దాదాపు రెండేళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పటం నా పనిగా ఉండేది. చెప్పిన జవాబుల్లో కొన్ని తప్పు. ఒకటి తప్పు మాత్రమే కాదు, పిరికితనం. దాన్ని దాచిపెట్టుకుని సభల్లో విద్యాహక్కు మీద మాట్లాడుతూ వచ్చాను గనక, ఇక రాయక తప్పదనిపించింది.

కాలేజీ పేరు అనవసరం. దక్షిణ తెలంగాణలో ఒక పట్టణం, ఊరికి కొసన, రైసుమిల్లు పక్కన మూడంతస్తుల మేడ, నూరు సీట్లు. తెలుగు ఎం.ఏ. చదివి, ఆ చదువు ఒక్కటే అన్నం పెట్టదని తేలిన మీదట ఎం.ఎడ్. కూడా చేసి, 2017లో నేనక్కడ చేరాను. తెలుగు బోధనాపద్ధతులు చెప్పేవాణ్ణి. పిలవటానికి లెక్చరరునే గాని జీతం పీరియడ్ లెక్కన వచ్చేది. వారానికి పదహారు పీరియడ్లు. వేసవిలో పీరియడ్లుండవు, జీతమూ ఉండదు.

2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకున్నది. ఆగస్టు నుంచి పాఠాలు ఫోనులో చెప్పమన్నారు. అందరూ ఒకే సమయానికి ఫోనుల ముందు కూర్చునే పద్ధతిలో మొదట కొన్నాళ్లు చెప్పాను. తెలుగు తీసుకున్న ముప్ఫై మూడు మందిలో పన్నెండు మంది వచ్చేవారు. వారిలో నలుగురి గొంతులు తెగి తెగి వినిపించేవి. మిగిలినవారిది అశ్రద్ధ కాదు. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం మన దేశపు గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 15; కంప్యూటరున్నవి నూటికి 4 చిల్లర. నా విద్యార్థులు ఆ లెక్కలోని మిగతా 85లో నుంచి వచ్చినవాళ్లు. ఉన్న ఒక్క ఫోను పగలంతా భర్తతోనో అన్నతోనో పొలానికో అడ్డాకో పోయేది.

అందుకని పాఠాలు రికార్డు చేసి పంపుతాను, ఫోను ఇంటికొచ్చినప్పుడు, సిగ్నలు దొరికినప్పుడు దించుకుని చూసుకోండి అన్నాను. ఈ ఉపాయం నాదే. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. బియ్యం డబ్బా మీద శబ్దరత్నాకరం పెట్టి, దానికి ఫోను ఆనించి పాఠం చెప్పేవాణ్ణి. ఆ నిఘంటువు ప్రజలకు అంత సూటిగా ఉపయోగపడటం అదే మొదటిసారేమో. 2021 ఫిబ్రవరి నాటికి నలభై రెండు పాఠాలయినాయి. ఆరో పాఠంలో మా వంటింటి కుక్కరు మూడు కూతలు వేస్తుంది. పదహారో పాఠంలో మా అమ్మాయి వచ్చి పలక అడుగుతుంది. ఇవేవీ తీసెయ్యటం నాకు చేతకాలేదు.

ఆ ఆరేడు నెలలు పాఠాలకు గేటు లేదు. నేను ఒకరికి పంపితే ఆ ఒకరు పదిమందికి పంపేవారు. పక్క జిల్లాలో వేరే కాలేజీ విద్యార్థి ఫోను చేసి పాఠ్యపథకం రాయటం మీద అనుమానం అడిగాడు. ఒకామె చెప్పింది: రాత్రి తను వింటుంటే అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చుని, పాఠంలో నేను చెప్పిన సామెతకు మరో సామెత చెప్పి పోయిందట. జీతం సగానికి కోసిన రోజులవి. అయినా అధ్యాపకుడిగా అంత తృప్తిగా నేను ఎన్నడూ లేను.

కాలేజీ తెరిచాక పరిస్థితి మారింది. యాజమాన్యం ఎక్కడినుంచో ఒక పోర్టల్ కొన్నది. అందరి పాఠాలూ దానిలోకి ఎక్కించారు. నావే ఎక్కువ గనక, ‘మీకు ఈ కంప్యూటరు వ్యవహారం బాగా తెలుసు సార్’ అని ప్రిన్సిపాలు నన్నే దానికి ఇన్‌చార్జిని చేశారు. నెలకు 1,500 రూపాయలు అదనం. ఎవరికి ప్రవేశం ఇవ్వాలో, ఎవరిది ఆపాలో నా చేతిలో ఉండేది. నియమాలు మాత్రం పైనుంచి వచ్చాయి. హాజరు నూటికి 80 ఉన్నవారికే పాఠాలు తెరవాలి. ఫీజు బకాయి ఉంటే తెరవకూడదు. తెరిచిన పాఠం ఏడు రోజుల్లో మూసుకుపోవాలి. దించుకోవటానికి వీల్లేదు. ఒక పేరు మీద ఒక ఫోనే.

ఈ నియమాలన్నీ దుర్మార్గమని అనటం సులభం. నేను మొదట్లో అట్లా అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవటం లేదు. బి.ఎడ్. అంటే సాహిత్యం చదువుకోవటం వంటిది కాదు. ఒక వృత్తిలోకి ప్రవేశం. రేపు నలభైమంది పిల్లల ముందు నిలబడవలసిన మనిషి పాఠం చెప్పటాన్ని తెర మీద చూసి నేర్చుకోలేడు, ఈత చూసి ఈత నేర్చుకోలేనట్టే. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల్లో తరగతులకు నూటికి 80, పాఠశాలలో జరిగే శిక్షణకు నూటికి 90 హాజరు ఉండాలన్నారు. దానిలో అర్థం ఉన్నది. మా సిలబస్‌లో సూక్ష్మబోధన అనే అంశం ఉంటుంది. దాన్ని 1960ల తొలినాళ్లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు రూపొందించారు. అప్పుడే వస్తున్న వీడియో రికార్డరుతో, శిక్షణ పొందే ఉపాధ్యాయుడు తాను చెప్పిన ఐదారు నిమిషాల పాఠాన్ని తానే చూసుకుని, తప్పు తెలుసుకుని, మళ్లీ చెప్పటం అందులో ముఖ్యం. అంటే ఉపాధ్యాయ శిక్షణలోకి రికార్డింగు వచ్చింది విద్యార్థి తనను తాను చూసుకోవటానికి. మేము ఆ అంశాన్ని పరీక్ష కోసం చెప్పించి రాయించేవాళ్లం. మా కాలేజీలో ఒక్క విద్యార్థి పాఠమూ రికార్డు కాలేదు. రికార్డయినవన్నీ మావే.

మరొక చిక్కు నాకే ఎదురయింది. మొదట్లో ఫోనులో కలుసుకుని జరిపిన తరగతులు కూడా కొన్ని రికార్డయి ఉన్నాయి. వాటిలో ఒకదానిలో, బడిలో మాతృభాష గురించి చర్చ జరుగుతుంటే, ఒక కుర్రవాడు తన మూడో తరగతి పంతులు తన మాటతీరును, దానితోపాటు తన కులాన్ని ఎట్లా ఎగతాళి చేశాడో చెప్పాడు. మాట్లాడుతూ ఏడ్చాడు. ఏడాది తరవాత వచ్చి, ‘సార్, అది తీసెయ్యండి, మా ఊరోళ్లు చూస్తే బాగుండదు’ అన్నాడు. తీసేశాను. పాఠాన్ని ప్రపంచమంతటికీ తెరిచి పెట్టమనే మిత్రులు ఈ కుర్రవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలి. తరగతి గదిలో నలుగురి మధ్య అనగలిగిన మాట వేరు, తెర మీద శాశ్వతంగా ఉండిపోయే మాట వేరు.

అయితే నియమం పెట్టటం ఒకటి, ఆ నియమం ఎవరి నెత్తిన పడుతుందన్నది మరొకటి. 80 శాతం హాజరని పోర్టల్‌కు ఎట్లా తెలుస్తుంది? రిజిస్టరు చూసి తెలుస్తుంది. రిజిస్టరు సంగతి బి.ఎడ్. కాలేజీల గాలి సోకినవారెవరికీ చెప్పనక్కర్లేదు. చేరిన రోజునే కొందరు ‘రాలేము’ అని మాట్లాడుకుంటారు. దానికొక రేటుంటుంది. వాళ్లు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు, ఇక్కడ రిజిస్టరులో 92 శాతం హాజరై ఉంటారు. పరీక్షల ముందు తప్ప వాళ్ల ముఖం నేనెరగను. పోర్టల్ మాత్రం వాళ్లకు సింహద్వారం తెరిచింది. రేటు కట్టలేక, నిజంగా బస్సెక్కి వచ్చి, నిజంగా కొన్ని రోజులు రాలేకపోయినవాళ్ల హాజరు నిజంగా వెయ్యబడేది. అది 70, 74, 78 దగ్గర ఆగేది. కొన్నవాడి అబద్ధం పాసయింది, కొనలేనివాడి నిజం ఫెయిలయింది. ఆ రెండు జాబితాలను పోర్టల్‌లోకి ఎక్కించిన చెయ్యి నాది.

పోర్టల్ ఇంకొకటి చూపేది: ఎవరు ఏ పాఠాన్ని ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు చూశారు, ఎక్కడ వెనక్కి తిప్పారు. మొదట్లో దాన్ని చూడటం నాకు నవల చదివినట్టు ఉండేది. 92 శాతం వాళ్లు ఒక్క పాఠమూ తెరవలేదు. తెరిచేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. రాత్రి పదకొండు దాటాక, లేదా తెల్లవారుజామున నాలుగున్నరకు. ఏడేసి నిమిషాలు చూడటం, ఆపటం, మళ్లీ పావుగంటకు అక్కడినుంచే చూడటం. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు: పాలు పొంగటమో, పిల్ల లేవటమో, పిలుపు రావటమో. ఒకామె పేరు మీద ఒకే సమయంలో రెండు ఊళ్ల నుంచి పాఠం తెరుచుకుంటే పోర్టల్ ఎర్రగీత పెట్టేది. అక్కాచెల్లెళ్లో స్నేహితురాళ్లో ఒక పాసువర్డు పంచుకున్నారన్న మాట. వాళ్లను ఆపవలసి వచ్చేది. ఆపాను.

కాలేజీ హాస్టల్లో ఆడపిల్లల ఫోనులు రాత్రి తొమ్మిదింటికి తీసుకునేవారు. పాఠానికి ఏడు రోజుల గడువు. చూడటానికి తీరిక దొరికేది రాత్రి. రాత్రి ఫోను ఉండదు. హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను వాడరాదన్న నియమాన్ని పాటించనందుకు బయటికి పంపిన ఒక విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు సంగతి మా వార్డెనుకు చెప్పాను. ‘అది కేరళ సార్’ అన్నదామె.

ఇక్కడ నా స్వార్థం కూడా చెప్పాలి. అది చెప్పకపోతే తరవాత జరిగినది అర్థం కాదు. 2022లో యాజమాన్యం నా పీరియడ్లను పదహారు నుంచి తొమ్మిదికి తగ్గించింది. వ్యాకరణం, భాషాచరిత్ర భాగాలు రికార్డులో ఉన్నాయి గనక మళ్లీ చెప్పనక్కర్లేదన్నారు. సోషల్ చెప్పే సహోద్యోగిని అసలు రావద్దన్నారు. ఆయన పాఠాలూ రికార్డులో ఉన్నాయి. మార్క్స్ తన గ్రంథంలో బతికిన శ్రమ మీద చచ్చిన శ్రమ పెత్తనం చెయ్యటాన్ని వివరించిన భాగాలు ఎం.ఏ. రోజుల్లో స్టడీ సర్కిలులో చదువుకున్నాం. అప్పుడు యంత్రం అంటే నాకు మగ్గమూ మిల్లూ కనిపించేవి. బియ్యం డబ్బా మీద నిలబెట్టిన ఫోను కనిపించలేదు. నా గొంతే నాకు పోటీదారుగా వచ్చి, జీతం అడగకుండా, వేసవి సెలవులు లేకుండా పాఠం చెబుతున్నది.

హక్కు ఎవరిదని చట్టం తిరగేశాను. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో ప్రదర్శకుడు అనే మాటకు నిర్వచనం ఉన్నది: నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరి విద్యలవాడు, గారడీవాడు, పాములాడించేవాడు, వీరి వెంటనే ఉపన్యాసం ఇచ్చేవాడు. పాములవాడి పక్కన చోటు దొరికినందుకు నాకేమీ చిన్నతనం లేదు. ఆయనా నోటితోనే బతుకుతాడు. కాని అదే చట్టంలోని 17వ సెక్షను, ఉద్యోగంలో భాగంగా తయారైన రచన మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదంటుంది. నేను పీరియడ్ కూలీని. నాది ఉద్యోగమో కాదో జీతం దగ్గర ఎప్పుడూ తేల్చని యాజమాన్యం, హక్కు దగ్గర మాత్రం ఉద్యోగమేనని వెంటనే తేల్చింది.

అప్పటినుంచి నాలో ఒక మార్పు వచ్చింది. పాఠాలకు తాళం ఉండటం నాకు మెల్లగా నచ్చసాగింది. రికార్డు ఎంత తక్కువమంది చూస్తే నా తరగతికి అంత విలువ ఉంటుందనుకున్నాను. ఈ ఆలోచన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. కాని ఆ లెక్కలో యాజమాన్యం నష్టపోయేది ఏమీ లేదు. నా భయాన్ని విద్యార్థులే భరించాలి.

2022 నవంబరులో ఒకామె వచ్చింది. మూడో సెమిస్టరు. ముప్ఫై కిలోమీటర్ల అవతల పల్లె. కాన్పుకు ముందు ఒక్కరోజు మానకుండా వచ్చిన మనిషి. ముందు బెంచీలో కూర్చుని, అనుమానం వస్తే చెయ్యెత్తి నిలబడి అడిగేది. కాన్పు తరవాత హాజరు 71కి పడిపోయింది. ‘సార్, పాపకు మూడు నెల్లు. ఊర్ల నుంచి పొద్దుగాల ఒకటే బస్సు. పాలు మాన్పలేను, ఎత్తుకొని రాలేను. పాఠాలన్న చూడనియ్యండి సార్’ అన్నది. ఫీజు కూడా బకాయి ఉన్నది. ప్రభుత్వం నుంచి రావలసిన రీయింబర్స్‌మెంటు సొమ్ము రాలేదు. ఆ బకాయి ఆమెది కాదు, ప్రభుత్వానిది. పోర్టల్‌కు ఆ తేడా తెలియదు.

నాకు తెలుసు. తెరవటానికి నాకు అర నిమిషం పట్టదు. ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం రాసి అనుమతి అడగవచ్చు, అదీ చెయ్యలేదు. ‘రూలమ్మా, నా చేతిలో లేదు’ అన్నాను. అధికారి నోట ఈ మాట మనం ఎన్ని కథల్లో చదివి నవ్వుకున్నామో! నా నోట వచ్చినప్పుడు మాత్రం అది కేవలం వాస్తవంగా వినిపించింది. ఆమె ఇంకేమీ అనకుండా వెళ్లింది.

జనవరిలో ఒక రాత్రి ఫోను వచ్చింది. ఆమే. ‘సార్, పదకొండో పాఠంల ఇరవై రెండో నిమిషం కాడ ఇత్వసంధి నిత్యం, ఉత్వసంధి వైకల్పికం అన్నరు మీరు. ఉల్టా కదా సార్? మూడుసార్లు విన్న. నాదే తప్పేమో అనుకున్న.’

తప్పు ఆమెది కాదు. ఆ రోజు అది మూడో రికార్డింగు, అలసిపోయి ఉన్నాను. ఉత్వసంధి నిత్యం, రాముడు, అతడు అన్న రెండు మాటలూ కలిస్తే రాముడతడు అనే అవుతుంది. ఏమి మొదలైన మాటల్లో ఇత్వానికి సంధి వైకల్పికం. ఏమంటివి అనవచ్చు, ఏమియంటివి అనీ అనవచ్చు. నోరు జారి రెండింటినీ తారుమారు చేశాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు పట్టుకోవలసిన పొరపాటు. తరగతిలో అయితే అప్పటికప్పుడు ఎవరో చెయ్యెత్తేవారు, నేను నాలుక కరుచుకుని సరిదిద్దుకునేవాణ్ణి, అంతటితో పోయేది. తెరకు చెయ్యెత్తితే ఎవరు చూస్తారు? ఇంకా సిగ్గుపడవలసిన సంగతి: ఆ ఇరవై రెండో నిమిషం దగ్గర చాలామంది మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పినట్టు పోర్టల్ నాకు ఏడాదిగా చూపుతూనే ఉన్నది. పాఠం అంత శ్రద్ధగా వింటున్నారని నేను సంతోషించాను. వాళ్లందరూ నా తప్పును తమ తెలివితక్కువతనంగా అనుకుని మళ్లీ విన్నారు.

‘నిజమేనమ్మా, నాదే పొరపాటు’ అన్నాను. ఫోను పెట్టేశాక గాని నాకు తట్టలేదు: ఆ పాఠం ఆమెకు తెరవలేదు కదా.

సంగతి తొందరలోనే బయటపడింది. బస్టాండు ఎదుటి జిరాక్సు షాపులో మా పాఠాలు మెమరీ కార్డులోకి ఎక్కించి ఇస్తున్నారు, కార్డు తెచ్చుకుంటే యాభై రూపాయలు. ప్రవేశం ఉన్న ఎవరో పోర్టల్ మీది పాఠాలను మరో ఫోనుతో పట్టి ఆ షాపుకు చేర్చారు. యాజమాన్యం అగ్గి మీద గుగ్గిలమయింది. దొంగతనమన్నారు, కేసు పెడతామన్నారు. జిరాక్సు షాపు మీద కేసులు మన దేశంలో కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠ్యభాగాలను జిరాక్సు తీసి అమ్మే చిన్న దుకాణం మీద 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి వంటి ప్రచురణ సంస్థలు దావా వేశాయి. బోధనకోసం అటువంటి ప్రతులు తయారు చెయ్యటాన్ని చట్టమే అనుమతిస్తున్నదని ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో ఆ దావా కొట్టేసింది. ఆ ఏడు డిసెంబరులో అప్పీలు విన్న బెంచి కొన్ని అంశాలను విచారణకు తిప్పి పంపినా మూలసూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలే దావా మానుకున్నారు. ఇదంతా నేను ప్రిన్సిపాలుకు చెప్పి ఉండవచ్చు. చెప్పటానికి కావలసిన చదువు నాకున్నది.

ఆయన నన్ను పిలిచి, ‘ఎవరి దగ్గర కాపీలున్నాయో మీకు తెలియకుండా ఉండదు సార్’ అన్నారు. తెలియదన్నాను. ‘పోనీ, తెలుగులో ప్రవేశం లేనివాళ్లెవరో లిస్టివ్వండి. కొనేది వాళ్లే కదా.’ ఆ లిస్టు ఇవ్వటం నా డ్యూటీయే. ఆరు పేర్లు. అచ్చు తీసి ఆయన టేబులు మీద పెట్టాను. పేరు చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆరు పేర్లలో ఆ పాఠాలకోసం యాభై రూపాయలు ఖర్చుపెట్టే మనిషి ఎవరో ఆయనా ఎరుగుదురు, నేనూ ఎరుగుదును.

ఆరుగురినీ పిలిచారు. ఐదుగురు తెలియదన్నారు. ఆమె మాత్రం, ‘నా దగ్గర ఉన్నయి సార్. కొనుక్కున్న’ అన్నది. షాపుకు ఎవరిచ్చారని గంటసేపు అడిగారు. నేను ఆ గదిలోనే, కిటికీ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. అయిదు వేలు జరిమానా వేశారు. జరిమానా, బకాయి రెండూ కడితే గాని హాల్ టిక్కెట్టు ఇవ్వమన్నారు. కట్టలేకపోయింది. మూడో సెమిస్టరు పరీక్షలన్నీ పోయాయి.

సరిగ్గా ఆ నెలలోనే మన జిల్లా శాఖ సమావేశంలో గ్రంథాలయోద్యమం మీద నా ప్రసంగం ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామాల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపిన సంగతి చెప్పాను. పొలం గట్టు మీది మనిషి దగ్గరికి పుస్తకమే నడిచి వెళ్లిందన్నాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు, తెలుగుతో సహా నాలుగు భాషల్లో టెలివిజన్ పాఠాలు పంపిన ప్రయోగం గురించీ చెప్పాను. ఊరందరికీ ఒక పెట్టె, టిక్కెట్టు లేదు, పాసువర్డు లేదు. ఆ పెట్టె ముందు ఏ వాడ వాళ్లు ఎంత దూరంలో కూర్చున్నారన్నది వేరే పరిశోధన చెయ్యవలసిన విషయమని ఒక విసురు కూడా విసిరాను. చప్పట్లు కొట్టారు. సభలో ముందు వరసలో మా కాలేజీ విద్యార్థులు ఇద్దరున్నారు. వాళ్లు కొట్టారో లేదో నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

2023 జూన్‌లో నేను ఆ కాలేజీ మానేశాను. మానటం నిరసన కాదు. తొమ్మిది పీరియడ్లతో ఇల్లు గడవలేదు. ఇప్పుడు మరో ఊళ్లో డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా ఉన్నాను. ఆమె పోయిన పరీక్షలు తరవాతి బ్యాచితో మళ్లీ రాసింది, మంచి మార్కులే వచ్చాయి. కాని ఫలితాలు వచ్చి, బకాయి తీర్చి, సర్టిఫికెట్లు విడిపించుకునేసరికి 2024 డీఎస్సీ దరఖాస్తుల గడువు దాటిపోయింది. తెలంగాణలో ఉపాధ్యాయ నియామకాలకు అంతకుముందు పరీక్ష జరిగింది 2017 నోటిఫికేషను మీద. 2024లో వచ్చినవి 11,062 పోస్టులు. వాటిలో ఒకటి ఆమెకు వచ్చేదని ఎవరూ రుజువు చెయ్యలేరు. నేను చదువు చెప్పినవారిలో, ఒక రికార్డింగును మూడుసార్లు విని గురువు తప్పు పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఒకసారి ఫోను చేసి క్షమాపణ చెప్పాను. ‘మీరేం జేస్తరు సార్, మీ నౌకరి మీది’ అన్నది. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. పాప నడుస్తున్నదట. ఊళ్లోనే ఒక ప్రయివేటు బడిలో ఆరువేలకు చెబుతున్నదట.

మానేసిన రోజునే నా పాసువర్డు తీసేశారు. పదకొండో పాఠం సరిదిద్ది మళ్లీ రికార్డు చేసి ఇస్తాను, డబ్బేమీ వద్దు, పాతది తీసెయ్యండి అని రెండుసార్లు ఉత్తరం రాశాను. జవాబు లేదు. నా పాఠాలు చూడటానికి ఇప్పుడు నాకు ప్రవేశం లేదు. నాకు హాజరూ లేదు, ఫీజూ కట్టలేదు.

మొన్న బస్సులో ఒక కుర్రవాడు నా వెనక సీట్లో కూర్చుని, నేను కండక్టరును చిల్లర అడగటం విని, ముందుకు వంగి, ‘సార్, మీరు తెలుగు సార్ కదా? కుక్కరు కూసే పాఠం మీదే కదా?’ అని అడిగాడు. ఈ ఏడు అక్కడ చేరాడట. నన్ను ఎన్నడూ చూడలేదు, గొంతు పట్టి గుర్తుపట్టాడు. బాగా చెబుతారు సార్ అన్నాడు. ఏ పాఠం దాకా వచ్చారని అడిగాను. పన్నెండన్నాడు. అయితే పదకొండు అయిపోయిందా అన్నాను. అయిపోయిందన్నాడు. ఇత్వసంధి నిత్యమా, వైకల్పికమా అని అడిగాను.

‘నిత్యం సార్’ అన్నాడు, తడుముకోకుండా.

వాడి నోటు పుస్తకం తీయించి, బస్సు కుదుపుల్లోనే దిద్దటం మొదలుపెట్టాను. ఇంకా ఎంతమంది తెలుగు తీసుకున్నారని అడిగితే, ఇరవై తొమ్మిది మందన్నాడు.